అంగం వంకర ఎప్పటి నుంచి?

సంపాదకులకు,

మీ పత్రిక వర్గీకృత ప్రకటనల పేజీలో ‘నరాల బలహీనత, అంగం చిన్నది, వంకర... శాశ్వత పరిష్కారం, ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో కలవండి’ అన్న ప్రకటన తరచూ కనిపిస్తోంది. ఆదివారం అనుబంధంలో అదే సందేహం ఎవరైనా అడిగితే ‘అదంతా మీ అపోహ, మనసులోంచి తీసేయండి’ అని రెండు ముక్కల్లో జవాబు వస్తోంది. మీ ఒక్క పత్రికనే అనడం లేదు, చాలా పత్రికల్లో ఇదే వరస. ప్రకటన ఏ జబ్బూ లేని కుర్రాణ్ని భయపెట్టి డబ్బు గుంజుతుంది. జవాబేమో నిజంగా జబ్బున్న యాభై ఏళ్ల మనిషిని ఇంట్లో కూర్చోబెడుతుంది. యూరాలజీ (మూత్ర, జననాంగ జబ్బుల) ఓపీ చూసే మాకు ఈ రెండోదే ఎక్కువ బాధ కలిగిస్తుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు ప్రకటన సంగతి తేల్చేద్దాం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం లైంగిక సామర్థ్యం పెంచుతామనే మందుల ప్రకటనలు నిషిద్ధం. 1945 ఔషధ నియమావళిలోని షెడ్యూల్ ‘జె’ ఇంకా సూటిగా ఉంది: ఏ మందూ నయం చేస్తానని చెప్పుకోకూడని వాటి జాబితాలో జననాంగం పరిమాణం, ఆకారం మెరుగుపరచడం అన్నది పేరుపెట్టి మరీ ఉంది. 1954 చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే ఆరు నెలల దాకా, మళ్లీ చేస్తే ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు. ప్రకటన ప్రచురణలో పాలుపంచుకున్నవాళ్లు కూడా ఆ చట్టం కిందికి వస్తారు. ఇక చెప్పేదేముంది.

అసలు విషయానికి వస్తే, అంగం ఆకారం గురించి ఎవరు వచ్చినా మేం అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ఇది ఎప్పటి నుంచి ఉంది? జవాబు ‘వయసొచ్చినప్పటి నుంచి ఇలాగే ఉంది, ఏమీ మారలేదు’ అయితే ఒక దారి. ‘మొన్నమొన్నటి దాకా తిన్నగానే ఉండేది, ఈ నాలుగైదు నెలల్లో వంగింది’ అయితే పూర్తిగా వేరే దారి. ఈ తేడా తెలిస్తే సగం మంది డాక్టరు దాకా రానక్కర్లేదు. మిగిలిన సగం ఇంకో నెల ఆగకుండా వచ్చేస్తారు.

మొదటి రకం చూద్దాం. స్తంభించినప్పుడు కాస్త ఎడమకో కుడికో, పైకో కిందికో వంగి ఉండటం మామూలే. గీత గీసినట్టు తిన్నగా ఉండేవాళ్లే తక్కువ. హస్తప్రయోగం వల్ల వంకర వస్తుందన్నది, ఏ చేతివాటం అయితే ఆ వైపు వంగుతుందన్నది ఉత్త మాట. కొందరిలో మాత్రం పుట్టుకతోనే అంగం లోపలి పొర ఒక వైపు పొట్టిగా, రెండో వైపు పొడుగ్గా పెరుగుతుంది. దాంతో ఎక్కువగా కిందికి, కొన్నిసార్లు పక్కకు బాగా వంగుతుంది. చిన్నప్పుడు ఎవరూ గమనించరు, పదిహేను పదహారేళ్లప్పుడు బయటపడుతుంది. నొప్పి ఉండదు, చేతికి గడ్డలాంటిదేమీ తగలదు, ఏళ్లు గడిచినా పెరగదు. వంపు 30 డిగ్రీల లోపు ఉండి కలయికకు అడ్డం కాకపోతే చేయాల్సిందేమీ లేదు. అడ్డమైతే ఆపరేషన్ ఒక్కటే మార్గం, ఏ మందూ పని చేయదు. ఎదుగుదల పూర్తయ్యాక ఎప్పుడైనా చేయించుకోవచ్చు, కంగారేమీ లేదు. పెళ్లి కుదిరాక ముహూర్తానికి రెండు వారాల ముందు పరిగెత్తుకొచ్చేవాళ్ల కోసం ఒక లెక్క చెప్పాలి: ఆపరేషన్ తర్వాత ఆరు వారాలైనా కలయిక పనికిరాదు.

రెండో రకానికి పెరోనీస్ జబ్బు అని పేరు. ఫ్రాన్స్ రాజు 15వ లూయీ దగ్గర శస్త్రవైద్యుడిగా ఉన్న పెరోనీ 1743లో దీన్ని వివరంగా రాశాడు. చికిత్సగా ఒక ఊరి ఖనిజజలాల్లో స్నానం చేయమన్నాడు పాపం. ఆయన కాలానికి అంతకన్నా తెలియదు. లాడ్జిలో నూనె సీసా అమ్మేవాడికి ఆ సాకు లేదు.

ఇది ఎలా వస్తుందో అర్థమైతే నూనె ఎందుకు పనిచేయదో కూడా అర్థమవుతుంది. అంగంలో ఎముక లేదు. తిన్నగా చేయడానికి బిగించి సడలించే కండరమూ అందులో లేదు. స్తంభనకు పనికొచ్చేవి పక్కపక్కనే ఉండే రెండు స్పాంజి గొట్టాలు, వాటి చుట్టూ బిగువైన తెల్లటి పొర. మామూలప్పుడు ఆ పొర మందం ఇంచుమించు రెండు మిల్లీమీటర్లే. రక్తం నిండినప్పుడు సాగి ఇంకా పల్చబడుతుంది. కలయికలో తెలిసీ తెలియక తగిలే చిన్న దెబ్బలకు కొందరిలో ఆ పొర మానేటప్పుడు మామూలుగా మానకుండా గట్టి మచ్చ కడుతుంది. మచ్చ ఉన్న చోట పొర సాగదు, మిగతా అంతా సాగుతుంది. సైకిల్ ట్యూబుకు ఒక పక్క టేపు అంటించి గాలి కొడితే ట్యూబు ఏ వైపు వంగుతుందో అంగమూ అటే వంగుతుంది. మచ్చ ఎక్కువమందిలో పైభాగాన వస్తుంది కాబట్టి వంపు ఎక్కువగా పైకి ఉంటుంది. కొందరిలో వంపు బదులు ఒకచోట నొక్కుపడి నడుము సన్నబడ్డట్టు అవుతుంది, అక్కడే మడత పడిపోతుంది. పొడుగు తగ్గిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాట నిజమే, మచ్చ లాగేయడం వల్ల తగ్గుతుంది. పైన రాసిన నూనె చర్మం దాటి ఆ పొరలోకి దిగదు. గట్టిగా మర్దన చేస్తే మాత్రం కొత్త దెబ్బలు తగిలి కొత్త మచ్చలు కట్టే ప్రమాదం ఉంది.

నలభై దాటినవాళ్లలో, అందులోనూ షుగరు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. ఉంగరపు వేలు, చిటికెన వేలు అరచేతిలోకి ముడుచుకుపోయే జబ్బు ఉన్నవాళ్లలో కూడా కనిపిస్తుంది. అందుకే అంగం చూపించడానికి వచ్చినవాణ్ని అరచేతులు చాపమంటాం, అయోమయపడొద్దు.

జబ్బుకు రెండు దశలున్నాయి. మొదటి దశ సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది, కొందరిలో ఏడాదిన్నర దాకా. అప్పుడు స్తంభించినప్పుడల్లా నొప్పి ఉంటుంది, వంపు నెలనెలా మారుతుంటుంది. తర్వాత నొప్పి దానంతట అదే పోతుంది, వంపు ఉన్నచోట ఆగిపోతుంది. మోసం ఇక్కడే జరుగుతుంది. నొప్పి పోవడం చాలామందిలో మందు వేసినా వేయకపోయినా జరిగేదే. ఆ సమయానికి ఎవడి పొడి తింటుంటే వాడికి పేరు వస్తుంది. వంపు మాత్రం పూర్తిగా దానంతటదే పోవడం కొద్దిమందిలోనే జరుగుతుంది. ఎక్కువమందిలో అలాగే ఉంటుంది, లేదా పెరుగుతుంది. ‘నొప్పి తగ్గింది కదా’ అని ఊరుకోకూడదు.

ఎప్పుడు రావాలంటే: కొత్తగా వంపు కనిపించినా, చర్మం కింద గట్టి పలకలాంటిది చేతికి తగిలినా, స్తంభించినప్పుడు నొప్పి ఉన్నా, ఒకచోట నొక్కుపడినా, వంపుతో పాటు గట్టిదనం కూడా తగ్గినా. వీటిలో ఒక్కటి ఉన్నా చాలు. వంపు ఎంత తక్కువైనా సరే కొత్తదైతే చూపించాలి, 30 డిగ్రీల లెక్క దీనికి వర్తించదు.

రాబోయే ముందు ఇంట్లో చేయగల పని ఒకటుంది. స్తంభించి ఉన్నప్పుడు సొంత ఫోనుతో మూడు ఫొటోలు తీసుకోవాలి: పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ఎదురుగా ఒకటి. మొహం పడనక్కర్లేదు. ఫోను వంచకుండా, అంగం ఎంత ఎత్తులో ఉందో అదే ఎత్తులో పట్టుకుని తీయాలి, లేకపోతే వంపు అబద్ధం చెబుతుంది. పిల్లల జామెట్రీ బాక్సులో ఉండే కోణమానినిని ఫొటో మీద పెడితే డిగ్రీలు ఇంచుమించు తెలుస్తాయి. డాక్టరుకు చూపించాక నెలకు మళ్లీ అలాగే తీస్తే పెరుగుతోందో లేదో తేలుతుంది. ఆ ఫొటోలు డాక్టరుకు ఎదురుగా కూర్చుని ఫోనులోనే చూపించాలి. ఆన్‌లైన్ కన్సల్టేషన్ పేరుతో ముక్కూమొహం తెలియని నంబరుకు వాట్సాప్ చేస్తే ఆ తర్వాత వచ్చేది మందుల చీటీ కాదు, బెదిరింపు.

ఓపీలో పెద్ద తతంగమేమీ ఉండదు. అంగాన్ని కాస్త లాగి, వేళ్ల మధ్య తడిమి మచ్చ ఎక్కడుందో చూస్తాం. వేసుకునే మాత్రలు, స్తంభన ఎలా ఉందో అడుగుతాం. షుగరు పరీక్ష రాస్తాం. ఎమ్మారై అక్కర్లేదు. ఆపరేషన్ దాకా వచ్చే పరిస్థితి ఉంటే మాత్రం స్తంభన తెప్పించే ఇంజెక్షన్ ఇచ్చి డాప్లర్ స్కాన్ తీస్తాం. వంపు అసలు కొలత, రక్తప్రసరణ రెండూ అప్పుడే తెలుస్తాయి. ఆ ఇంజెక్షన్ తర్వాత అంగం మామూలు స్థితికి వచ్చేదాకా ఆసుపత్రిలోనే ఉండాలి. ఇంటికెళ్లాక తిరగబెట్టి నాలుగు గంటలు దాటితే అర్ధరాత్రయినా వెనక్కి రావాలి.

చికిత్స సంగతి. మొదటి దశలో నొప్పికి మామూలు నొప్పి మాత్రలు చాలు. విటమిన్ ‘ఇ’ క్యాప్సూళ్లు నెలల తరబడి రాసే అలవాటు మన వైద్యుల్లో ఇంకా ఉంది. అమెరికన్ యూరాలజికల్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాలు దాన్ని ఇవ్వొద్దనే చెబుతున్నాయి. బయటి నుంచి తరంగాలు పంపే షాక్‌వేవ్ చికిత్స నొప్పి తగ్గించవచ్చేమో గానీ వంపు తగ్గించదు, వేల రూపాయల ప్యాకేజీ కట్టే ముందు ఈ మాట అడిగి చెప్పించుకోవాలి. రోజూ కొన్ని గంటలు అంగాన్ని మెల్లగా సాగదీసి ఉంచే ట్రాక్షన్ పరికరం ఓపికున్నవాళ్లకు కొంత మేలు చేస్తుంది, అదీ డాక్టరు కొలత చూసి చెప్పిన లెక్కన వాడితేనే. మచ్చలోకి నేరుగా ఇచ్చే ఇంజెక్షన్లున్నాయి. వాటిలో మచ్చను కరిగించే కొల్లాజినేజ్‌ను 2013 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించింది, అదీ మచ్చ చేతికి తగిలి వంపు కనీసం 30 డిగ్రీలు ఉన్నవాళ్లకే. దానితో పొర చిట్లే ప్రమాదం కూడా ఉంది కాబట్టి అలవాటున్న చేతులే చేయాలి.

ఆపరేషన్ తొందరపడి చేయించుకోకూడదు. జబ్బు మొదలై దాదాపు ఏడాది గడవాలి, వంపు కనీసం మూడు నెలలుగా మారకుండా ఉండాలి. ఇంకా కదులుతున్న వంపును సరిచేస్తే ఆరు నెలల్లో మళ్లీ వంగుతుంది, నింద ఆపరేషన్ మీద పడుతుంది. 60 డిగ్రీల లోపు వంపుకు పొడుగున్న వైపు కుట్లువేసి పొట్టి వైపుతో సమానం చేస్తారు. తిన్నబడుతుంది, కాకపోతే పొడుగు కొంత తగ్గుతుంది. ఈ మాట ముందే చెప్పని సర్జన్ దగ్గర ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టొద్దు. వంపు అంతకన్నా ఎక్కువున్నా, అంగం ఒకచోట నొక్కుపడినా మచ్చ కోసి అతుకు వేయాలి. దీనిలో స్తంభన తగ్గే, స్పర్శ మొద్దుబారే ప్రమాదం ఎక్కువ. మాత్రలు వేసినా స్తంభన రానివాళ్లకు ఇంప్లాంట్ (అంగం లోపల అమర్చే కృత్రిమ పరికరం) పెడితే రెండు సమస్యలూ ఒకేసారి తీరుతాయి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ వారం పది రోజులు చూసుకుని రావచ్చు. ఆ రాత్రే రావాల్సినవి మూడున్నాయి.

స్తంభించిన అంగం వంగి ‘టక్’మని చప్పుడై, వెంటనే మెత్తబడి, వాచి ఊదారంగుకు తిరిగితే పొర చిరిగినట్టు. కలయికలో పక్కకు జారి గట్టిగా తగిలినప్పుడు, ఎవరో వస్తున్నారని చేత్తో బలవంతంగా వంచినప్పుడు ఇలా జరుగుతుంది. మూత్రద్వారం నుంచి రక్తం కనిపిస్తే మూత్రనాళం కూడా తెగిందని అనుమానించాలి. మొదటి 24 గంటల్లో కుట్లు పడితే చాలామంది మామూలుగా ఉంటారు. సిగ్గుపడి వారం తర్వాత వచ్చేవాళ్లకు మిగిలేది మళ్లీ వంకరే.

నాలుగు గంటలు దాటినా దిగని, నొప్పితో కూడిన స్తంభన రెండోది. లోపల రక్తం గడ్డకట్టుకుపోయి స్పాంజి కండ చచ్చిపోతుంది, ఆ తర్వాత జీవితాంతం స్తంభన రాకపోవచ్చు. స్తంభన కోసం ఇచ్చే ఇంజెక్షన్లతోనూ, నిద్రకూ దిగులుకూ ఇచ్చే ట్రాజొడోన్ లాంటి కొన్ని మాత్రలతోనూ వస్తుంది. పాడేరు, అరకు, రంపచోడవరం, ఉట్నూరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తం జబ్బు) ఉన్న మగపిల్లలకు ఇది పదేళ్ల వయసులో కూడా రావచ్చు. పిల్లాడు చెప్పుకోలేడు, తల్లి అడగలేదు. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద రక్తపరీక్ష చేసి కార్డు ఇచ్చేటప్పుడు ఈ ఒక్క వాక్యం కూడా ఆ ఇంటికి చెప్పాలని మా విన్నపం.

మూడోది, వెనక్కి లాగిన ముందు చర్మం అక్కడే ఇరుక్కుపోయి ముందుకు రాకపోవడం. అంగం తల భాగం నిమిషనిమిషానికీ వాస్తుంది. వాచిన భాగాన్ని పిడికిట్లో పట్టుకుని అయిదు పది నిమిషాలు నెమ్మదిగా, ఆపకుండా నొక్కి వాపు దించి, ఆ తర్వాత బొటనవేళ్లతో తలను లోపలికి తోస్తూ చర్మాన్ని ముందుకు తేవాలి. రాకపోతే ఇంక ప్రయత్నించకుండా ఆసుపత్రికి. మూత్రానికి గొట్టం వేసిన ముసలివాళ్లకు శుభ్రం చేశాక చర్మం ముందుకు లాగడం మరిచిపోతే కూడా ఇదే జరుగుతుంది. ఇంట్లో పెద్దల్ని చూసుకునేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

చర్మం మాట వచ్చింది కాబట్టి చంటిపిల్లల సంగతి. నీళ్లు పోసే ఆమె నూనె రాసి రోజూ ముందు చర్మం వెనక్కి తోయడం మన ఊళ్లలో ఇంకా ఉంది. పుట్టినప్పుడు ఆ చర్మం తలకు అంటుకునే ఉంటుంది, అది జబ్బు కాదు. చాలామందిలో మూడేళ్లకు, కొందరిలో పది పన్నెండేళ్లకు దానంతట అదే విడుతుంది. బలవంతంగా తోస్తే చిట్లి, మానేటప్పుడు బిగుసుకుపోయి, లేని జబ్బు తెచ్చిపెట్టినట్టవుతుంది. మూత్రం పోసేటప్పుడు చర్మం బుడగలా ఉబ్బి నొప్పితో ఏడుస్తున్నా, మాటిమాటికీ చీము పట్టినా, చర్మం అంచు తెల్లగా గట్టిపడ్డా అప్పుడు చూపించాలి. బిగుతు ఒక్కటే అయితే బీటామెథసోన్ 0.05 శాతం క్రీము రోజుకు రెండు పూటలా నాలుగు నుంచి ఎనిమిది వారాలు డాక్టరు చెప్పినట్టు రాస్తే చాలామందికి ఆపరేషన్ తప్పుతుంది. నడివయసులో కొత్తగా చర్మం బిగుసుకుని పగుళ్లు వేస్తుంటే అంగానికన్నా ముందు షుగరు చూపించుకోండి, అది మొదటిసారి బయటపడేది ఇలాగే కావచ్చు.

మూత్రద్వారం చివర కాకుండా కింది వైపు ఉన్న పిల్లలు పుడుతుంటారు. మూత్రం ధార పాదాల మీద పడుతుంది, ముందు చర్మం పైన మాత్రమే పోగుపడి కింద ఉండదు, అంగం కిందికి వంగి ఉంటుంది. ఆరు నెలలకూ ఏడాదిన్నరకూ మధ్య ఆపరేషన్ చేయించడం మేలు. ఆ పిల్లలకు అంతకుముందు సున్తీ మాత్రం చేయించకూడదు. కొత్త నాళం కట్టడానికి ఆ చర్మమే కావాలి. ముస్లిం కుటుంబాల్లో సున్తీ చేసేవాళ్లకూ, మసీదు పెద్దలకూ ఈ సంగతి తెలిస్తే ఎందరో పిల్లలకు మేలు జరుగుతుంది. వృషణాలు కూడా సంచిలో తగలకపోతే ఇంకా తొందరగా చూపించాలి.

పరిమాణం గురించి ఎక్కువ రాయం, ప్రకటనలు చాలినంత రాస్తున్నాయి. 15,521 మందిని వైద్యులే కొలిచిన లెక్కలన్నీ కలిపి 2015లో ఒక బ్రిటిష్ యూరాలజీ పత్రిక ప్రచురించింది. స్తంభించినప్పటి సగటు 13.12 సెంటీమీటర్లు, మామూలప్పుడు 9.16. స్కేలును అంగం పైవైపున పెట్టి పొత్తికడుపు కింది ఎముకకు తగిలేదాకా కొవ్వును నొక్కి పెట్టి కొలవాలి. పొట్ట ఉన్నవాళ్లకు కొవ్వులో కూరుకుపోయి చిన్నదిగా కనబడుతుంది, దానికి మందు బరువు తగ్గడమే. సాగదీసి కొలిచినప్పుడు పెద్దవాళ్లలో ఏడున్నర సెంటీమీటర్ల లోపు ఉంటే హార్మోన్ పరీక్షలు అవసరమవుతాయి. కొలత బాగానే ఉన్నా దిగులు పోక పనీపాటా సాగకపోతే మానసిక వైద్యుణ్ని కలవాలి. పొడి పొట్లాలు కొనేవాళ్లకు ఒక హెచ్చరిక: మూలికల పేరుతో అమ్మే ఇలాంటి పొడుల్లో సిల్డెనఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) కలిపి దొరికిన సందర్భాలు దేశదేశాల్లో ఉన్నాయి. గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునే మనిషి ఆ పొడి తింటే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

తల అంచు చుట్టూ వరసగా ఉండే ముత్యాల్లాంటి చిన్న గింజలు, చర్మం కింద పసుపు చుక్కలు, పైకి తేలిన నరాలు, కింది వైపు మధ్యగీత... ఇవేవీ జబ్బు కాదు. రెండు మూడు వారాలకూ మానని పుండు, పెరిగే కాయ, వెనక్కి రాని చర్మం కింద నుంచి దుర్వాసనతో కారే రసి మాత్రం జబ్బే. క్యాన్సరు కావచ్చు. ఆయింట్‌మెంట్లు మార్చుకుంటూ నెలలు గడపకుండా ముక్క తీసి పరీక్ష చేయించాలి. తొందరగా దొరికితే అంగం చాలావరకు నిలుస్తుంది.

ఎక్కడికి వెళ్లాలంటే, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్, హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ, నిమ్స్ అన్నిట్లో యూరాలజీ విభాగాలున్నాయి. ప్రైవేటులో అయితే బోర్డు మీద యూరాలజీలో ఎం.సీహెచ్. లేదా డీఆర్‌ఎన్‌బీ డిగ్రీ ఉందో లేదో చూడండి, ‘సెక్సాలజిస్ట్’ అన్న మాట ఒక్కటే ఉంటే అది డిగ్రీ కాదు. ఓపీ చీటీ రాసేచోట నలుగురిలో చెప్పలేకపోతే ‘మూత్రం సమస్య, యూరాలజీకి రాయండి’ అంటే చాలు, మిగతాది లోపల చెప్పుకోవచ్చు. పాత రిపోర్టులు, వేసుకునే మాత్రల పేర్లు, ఫోనులో ఆ మూడు ఫొటోలు, తెల్లరేషన్ కార్డు ఉంటే అదీ తెచ్చుకోండి. ఆపరేషన్ ఉచిత పథకం కిందికి వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర చూసి చెబుతారు. భార్యను వెంట తెచ్చుకుంటే మాకు అభ్యంతరం లేదు. వంపు ఎప్పుడు మొదలైందో చాలాసార్లు ఆమెకే సరిగ్గా గుర్తుంటుంది.

ఇట్లు,
కొందరు యూరాలజీ వైద్యులు,
గుంటూరు